మేము వేసి, మేమే తవ్వేసిన స్లాగు రోడ్డు

ఈ సంగతి రాయాలని మొన్నటిదాకా నాకు లేదు. రిటైరయ్యాక నా దినచర్య చాలా చిన్నది. పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్లడం, పేపర్లు తిరగేయడం, ఒక పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికి రావడం. ఆ మధ్య అదే గ్రంథాలయంలో నా ఎదురు బల్ల దగ్గర ఒక అబ్బాయి ఇంజనీరు ఉద్యోగాల పరీక్షకు చదువుకుంటూ కనిపించాడు. అతని ముందు తెరిచి ఉన్నది మెత్తటి నేలల్ని గట్టిపరిచే పద్ధతుల అధ్యాయం. ఊరుకోలేక పలకరించాను. ఉక్కు తయారీలో మిగిలే స్లాగుని కలిపి మన ఉప్పునేల బంకమట్టిని కూడా రాయిలా చేయవచ్చని చెప్పబోయాను. ఆ అబ్బాయి మర్యాదగానే అడ్డు తగిలాడు.

"అది మన మట్టికి పని చెయ్యదండి. ఇక్కడే ఎక్కడో వేశారంట, ఫెయిలయితే తవ్వేశారంట."

ఆ 'ఎక్కడో' ఎక్కడో నాకు తెలుసు. దాన్ని తవ్వేసిన మాట నిజం. ఫెయిలయిన మాట అబద్ధం. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి, ఇంకొన్నేళ్లు పోతే ఆ అబ్బాయి విన్న మాటే మిగులుతుంది. అందుకని రాస్తున్నాను. ముఖ్యంగా ఈ పనిలోకి రాబోయే చిన్నవాళ్ల కోసం. జరిగినదంతా చెప్పేటప్పుడు ఎవరి పేరూ వాడను. పేర్లు చివర కృతజ్ఞతలు చెప్పే చోట వస్తాయి.

నేను మట్టి పరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా చేశాను. చేరినప్పుడు మట్టి బస్తాలు మోసే పని నాది. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా వన్ టౌన్‌లోని గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడి లైబ్రేరియన్ గారు అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని, మట్టి శాస్త్రం మీదది, బీరువా అడుగు నుంచి తీసి, "ఎవరూ అడగట్లేదు, నువ్వన్నా చదువు" అని నా చేతిలో పెట్టారు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ చదివాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. సైటు మీద ఎవరైనా అనుమానం అడిగితే సమాధానంతో పాటు ఆ సంగతి ఏ పుస్తకంలో ఏ మూల ఉందో కూడా చెప్పేవాణ్ని. అందుకే మా సైట్ ఇంజనీరు మేడమ్ నన్ను "మాస్టారూ" అనేవారు. అందులో కొంత గౌరవం, కొంత వేళాకోళం. రెండూ నాకు ఇష్టంగానే ఉండేవి.

ఆ మేడమ్‌ది కృష్ణా జిల్లా. వాళ్ల నాన్నగారు పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వయసులో నా కూతురంత ఉంటారు. స్లాగుతో మట్టిని గట్టిపరచవచ్చని ఆవిడ కాలేజీలో చదువుకున్నారు, నేను గ్రంథాలయంలో చదువుకున్నాను. ఇద్దరం కలిస్తే ఇంక వేరే మాట ఉండేది కాదు.

స్లాగు అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట. బెల్లం పాకం కాచేటప్పుడు పైన తెట్టు కడుతుంది చూడండి, ఇనుము కరిగించేటప్పుడు కూడా అలాగే మట్టీ సున్నమూ కలిసి పైకి తేలతాయి. అదే స్లాగు. దాన్ని మెత్తగా పొడి చేస్తే సిమెంటుకి తమ్ముడి లాంటిది తయారవుతుంది. కొంచెం సున్నంతో కలిపి బంకమట్టిలో పట్టిస్తే ఆ మట్టి మెల్లగా గట్టిపడుతుంది. కొండలు తవ్వి గ్రావెల్ తేనక్కర్లేదు. గుట్టలుగా పడి ఉన్న వ్యర్థం ఖర్చవుతుంది.

మాకు అప్పజెప్పిన దారి ఒక కాలనీది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాలు అక్కడ ఉంటాయి. హైవే నుంచి కాలనీకి వెళ్లాలంటే గెడ్డ, అంటే వాగు, పక్కన ఉప్పునేల మీదుగా నడవాలి. సముద్రం పోటు మీద ఉంటే గెడ్డ నీళ్లు వెనక్కి తన్ని దారి అంచుదాకా వచ్చేస్తాయి. కింద నల్లటి బంక. వానాకాలంలో ఆటోవాళ్లు హైవే మీదే దింపేసి వెళ్లిపోతారు. ఎన్నిసార్లు గ్రావెల్ పోసినా ఒక వానాకాలంలో ఆ బంక మింగేసేది. ఈసారి సగం దారికి స్లాగు వేసి చూద్దాం, ఆ వానాకాలం నిలబడితే మిగతా సగమూ మంజూరు చేద్దాం అని పైవాళ్లు ఒప్పుకున్నారు.

వాళ్ల భూముల మీద లేచిన ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తెట్టే మళ్లీ వాళ్ల కాళ్ల కిందకి రోడ్డుగా వస్తోందన్న ఊహ నాకు తెగ నచ్చింది. కనపడిన వాళ్లందరికీ చెప్పాను. మా రోలరు డ్రైవరుది శ్రీకాకుళం వైపు. నన్ను బావ అని పిలిచేవాడు, నేనూ అతన్ని అంతే. నా ఉపన్యాసం అంతా విని బీడీ ఆర్పి, "బావ, మా ఇంటిది ఇన్నేళ్లుగా నన్ను తొక్కతంది, నానే గట్టిపడనేదు. ఈ బురద గట్టిపడతాదేటి?" అన్నాడు. అన్నాడు గానీ, ఆ తర్వాత ఆ రోడ్డుని అతనంత శ్రద్ధగా తొక్కినవాణ్ని నేను చూడలేదు.

ఆ దారి అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న మనిషి టిఫిన్ బండి నడిపే ఒకావిడ. మేమంతా ఆవిడని అప్పా అనేవాళ్లం, అంటే అక్కా అని; ఆవిడ మమ్మల్ని బావూ అనేది, అంటే బాబూ అని. కాలనీలో ఇల్లు, హైవే పక్కన వ్యాపారం. రోజూ తెల్లవారుతూనే తోపుడు బండి మీద ఇడ్లీ పాత్ర, పెనం, పిండి గిన్నెలు పెట్టుకుని ఆ దారి మీదే తోసుకుంటూ పోవాలి. వానాకాలం వస్తే చక్రాలు బంకలో దిగబడిపోయి బండి కదలదు. ఆ నెలలన్నీ బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉండేది. ఆవిడ కూతురు అంతకుముందు గోపాలపట్నం వైపు కాపురం ఉండేది. ఒకనాటి తెల్లవారుజామున అక్కడి ఒక ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై, ఈ ఊళ్లో ఆ వైపు జనమంతా వాసనకి లేచి పరిగెత్తారు. ఆ సంగతి ఇక్కడి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ పరుగులో ఆ అమ్మాయి కూడా ఉంది. తర్వాత ఆ ఇంట్లో ఉండలేక భర్తతో సహా తల్లి దగ్గరికి వచ్చేసింది. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బేది ఆ అమ్మాయే. అట్టు పోసేది తల్లి.

పని మొదలుపెట్టిన రోజు అప్ప మా దగ్గరికి వచ్చి, "బావూ, నా బండి దిగబడకుండా ఎల్లే దారి ఎయ్యండి. అదొక్కటే నాకు కావాల" అంది.

ఇక్కడ మా ల్యాబు గురించి చెప్పాలి. అసలు పొరపాటు అక్కడే మొదలయింది.

స్లాగు కలిపిన మట్టిని చిన్న చిన్న దిమ్మలుగా చేసి, తడిగా ఉంచి, కొన్నాళ్ల తర్వాత మిషన్లో పెట్టి పగలగొట్టి బలం చూస్తాం. పగిలినప్పుడు రెండు వింతలు కనిపిస్తాయి. ఒకటి రంగు. పైకి బూడిద రంగులో ఉన్న దిమ్మ లోపల నెమలి మెడలా నీలమూ పచ్చా కలిసి మెరుస్తుంది. గాలి తగిలాక కాసేపటికి ఆ రంగు పోతుంది. రెండోది వాసన. స్లాగులో కొద్దిగా గంధకం ఉంటుంది. అది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మొదట్లో ల్యాబులో ఎవరు గుడ్డు తిన్నారని ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లం. తర్వాత ఏడిపించుకోవడం కూడా మానేశాం. మా ముక్కులు దానికి అలవాటు పడిపోయాయి. మా ల్యాబ్ ఇన్‌చార్జి గారికైతే ఆ బాధ మొదటి నుంచీ లేదు. ఆయన నస్యం మనిషి. చిటికెడు పీల్చి, చేతిరుమాలుతో మీసం తుడుచుకుని, "దేవుడు ముక్కు ఇచ్చింది నస్యానికే గానీ వాసనలకి కాదయ్యా" అనేవారు.

మేం చూడని పరీక్ష లేదు. బలం చూశాం. నీళ్లలో నానబెట్టి చూశాం. ఉబ్బుతుందేమో చూశాం. నీళ్లలోకి ఏ లవణాలు దిగుతాయో చూశాం. అందరం గర్వపడేంత బాగా వచ్చాయి. వాసన అనేది పరీక్షల పట్టీలో ఏ మూలా లేదు. నేను చదివిన అట్ట ఊడిన పుస్తకంలో మాత్రం ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నీరు నిలిచే చోట స్లాగు కొన్నాళ్లపాటు గంధకం వాసన వేయవచ్చనీ, ఆరుబయట దానివల్ల ప్రమాదం ఉండదనీ. అది చదివాను. మేడమ్‌కి చెప్పాను కూడా. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. ప్రమాదం ఉండదన్న ముక్క దగ్గర ఇద్దరి చర్చా ముగిసింది.

అంతకంటే స్పష్టంగా మాకు చెప్పిన మనిషి అప్ప. ఒకరోజు బండి దగ్గర టిఫిన్ తింటూ, స్లాగు ఎలా పనిచేస్తుందో ఆవిడకి చూపించాలని నాకు ఉత్సాహం పుట్టింది. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోయించాను. ఒకదాంట్లో గెడ్డ పక్క మట్టి ఉండ, ఇంకోదాంట్లో ల్యాబులో గట్టిపడిన స్లాగు మట్టి ముక్క వేసి, మర్నాటిదాకా ఉంచమన్నాను. మర్నాడు మొదటి గ్లాసులో మట్టి కరిగి నల్లటి నీళ్లయింది. రెండోదాంట్లో ముక్క చెక్కుచెదరలేదు. అప్ప దాన్ని బయటికి తీసి వేలితో నొక్కి చూసి సంతోషపడింది. తర్వాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏటి బావూ ఇది, కుళ్లిన గుడ్డు కంపు కొడతంది?"

మా ఇన్‌చార్జి గారు నవ్వి, "అది బలం వాసన అప్పా. మాకు అలవాటే" అన్నారు.

"మీకు అలవాటు. నాను తిండి అమ్ముకున్నదాన్ని" అని ఆవిడ ఆ గ్లాసుని మళ్లీ మళ్లీ తోమి, చింతపండు పెట్టి రుద్ది, చివరికి బండి కింద విడిగా పెట్టేసింది. దాంట్లో మళ్లీ ఎవరికీ నీళ్లు ఇవ్వలేదు. మేమంతా నవ్వుకున్నాం. మేడమ్ కూడా నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే నాకు బాగా గుర్తొచ్చేది ఆ నవ్వే.

రోడ్డు బాగా కుదిరింది. ట్రాక్టరుకి మట్టిని చిలికే రోటవేటరు తగిలించి నల్ల బంకలో స్లాగు పొడి, సున్నం కలిపాం. మన బావ రోలరుతో తొక్కాడు. దాని మీద గుల్లగా ఉండే స్లాగు రాళ్లు ఒక పొర పరిచి, మళ్లీ తొక్కి, పైన పలచగా గ్రావెల్ కప్పాం. పొర గట్టిపడేదాకా తడుపుతూ ఉండాలి, ఏ బండీ ఎక్కకూడదు. ఆ రోజుల్లో కాలనీ వాళ్లు ఎంత సహకరించారంటే, మోటారు సైకిళ్లు కూడా దించి గట్టు మీదుగా నడిపించుకుని పోయేవారు. ఎవరి గేదె అయినా దారి మీదకి వస్తే వాళ్లే అదిలించేవారు. తమది అనుకున్నారు ఆ రోడ్డుని.

తెరిచిన రోజు మొదట అప్ప బండినే పోనిచ్చాం. ఆవిడ కొంగు దోపుకుని, అలవాటు కొద్దీ ముందుకి వంగి గట్టిగా తోసింది. బండి ఒక్కసారి జారినట్టు ముందుకి పోయింది. ఆవిడే వెనక పరిగెత్తి పట్టుకోవాల్సి వచ్చింది. సగం దూరం పోయాక ఆగి మా వైపు తిరిగింది.

"సక్రం సప్పుడు నేదు బావూ" అంది.

ఆ మాటకి మన బావ రోలరు మీద నుంచి దిగి, అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. రాత్రంతా కురిసింది. సముద్రం పోటు మీద ఉండి గెడ్డ నీళ్లు దారి పక్కన కాలవలోకి తన్నుకొచ్చి, పైపొరలోని స్లాగు రాళ్ల మధ్య నిలిచాయి. తెల్లవారుతుండగా మేడమ్ ఫోన్ చేశారు.

"మాస్టారూ, కాలనీ అంతా హైవే మీద ఉందట. గ్యాస్ వాసనంట. నేను బయల్దేరాను, మీరు కూడా వచ్చెయ్యండి."

నేను వెళ్లేసరికి వాన తెరిపిచ్చింది. జనం డివైడరు పొడుగునా కూర్చుని ఉన్నారు. ఎవరి చేతుల్లోనూ సామాను లేదు. వాన నీళ్లకి భయపడి లేచిన వాళ్లయితే ఏదో ఒకటి పట్టుకుని వస్తారు. వీళ్లు పిల్లల్ని తప్ప ఏమీ తీసుకురాలేదు. తడి గుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. అప్ప కూతురు ఒక పక్కన తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంది. కుడిచేయి ఒళ్లో పెట్టుకుంది. దాని మీద రుబ్బుతున్న పిండి ఎండి అంటుకుని ఉంది. వాసన తగలగానే గ్రైండరు ఆపకుండానే పరిగెత్తిందట. మేం తవ్విన పక్క కాలవలో పడి మణికట్టు విరిగింది.

రోడ్డు మీదకి నడిచాను. మేడమ్ అప్పటికే అక్కడ నిలబడి చున్నీ ముక్కుకి చుట్టుకుని ఉన్నారు. కాలవలో నీళ్లు పచ్చగా, పసుపు కలిపినట్టున్నాయి. ఆవిడ నా వైపు చూసి, "ఇంత ఉంటుందనుకోలేదు మాస్టారూ" అన్నారు.

నాకు ఏ వాసనా తెలియలేదు. అక్కడ నిలబడి రెండుసార్లు గట్టిగా పీల్చాను. తడి మట్టి వాసన తప్ప ఏమీ లేదు. నన్ను దింపిన ఆటో అబ్బాయి మాత్రం ఆటోని వెనక్కి తిప్పి దూరంగా పెట్టుకున్నాడు. నేనొక్కణ్ణే ఆ నీళ్ల ఒడ్డున మామూలుగా నిలబడి ఉన్నాను.

మర్నాడు సాయంత్రం కాలనీలో రామకోవెల అరుగు దగ్గర మీటింగు పెట్టారు. పై అధికారి ఒకాయన గాలిని కొలిచే మీటరుతో మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. దారి పొడుగునా కొలిచారు. ప్రమాదం అనదగ్గ దానికి చాలా తక్కువే చూపించింది. ఆయన ఆ సంగతి మైకులో చదివారు. ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన ఒకతను యూనిఫారంతోనే లేచి నిలబడ్డాడు.

"మీటరు సంగతి మాకు సెప్పకండి సార్. మా ఆడోళ్లు మీటరు సూసి పరిగెట్టనేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అరవలేదు. అరిచి ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది.

మేడమ్ మైకు తీసుకున్నారు. ఆ వాసన ఎందుకు వచ్చిందో, ఎలా తగ్గుతుందో శాంతంగా వివరించారు. నీళ్లు నిలవకుండా కాలవ లోతు చేస్తామనీ, రాళ్లు కడిగినట్టయి కొన్ని వానలకి ఆ గంధకం పోతుందనీ, అప్పటిదాకా ఓపిక పట్టమనీ అడిగారు. అందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. తర్వాత ఆవిడ ఒక పని చేశారు. ఆవిడ చోట ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. అప్ప వైపు తిరిగి, "మీరు చెప్పండి. ఆ దారి మీద రోజూ నడిచేది మీరు. రోడ్డు ఎలా ఉంది?" అని అడిగారు. ఆవిడ మా వైపు మాట్లాడుతుందని మా నమ్మకం. మా అందరిలోకీ ఆ రోడ్డు ఎక్కువగా కావాల్సింది ఆవిడకే.

అప్ప లేచింది. మైకు పట్టుకోలేదు. అందరికీ వినపడేలాగే మాట్లాడింది.

"రోడ్డు బాగున్నాది అమ్మా. నా బండికి అంత మంచి దారి నా బతుకులో సూడనేదు. కానీ నా పిల్ల నిన్న రేత్రి కూడా నిద్దరోనేదు. తలుపులేసుకుని కూకున్నాది. ఈ కంపు మంచి కంపు అని నాను దానికెలాగ సెప్పేది? మీరు ముందే సెప్పుంటే, ఇలాంటి కంపొత్తాది, బయపడకండి అని ఇంటింటికీ ఒచ్చి సెప్పుంటే, అప్పుడేటనేవోళ్లమో. ఇప్పుడైతే తీసెయ్యండి."

కాస్త ఆగి, నా వైపు చూసి, "గలాసులోనే నాకు ఈ కంపు ఒచ్చింది బావూ. నవ్వినారు" అంది.

తిట్టినట్టు అనలేదు. గుర్తు చేసినట్టు అంది. నేను తల వంచుకున్నాను. నస్యం డబ్బీ ఇన్‌చార్జి గారి చేతిలో మూత తీసి ఉంది. ఆయన పీల్చలేదు. పై అధికారికి మాత్రం బరువు దిగినట్టయింది. తీసేస్తాం అని అక్కడికక్కడే మాట ఇచ్చేశారు. ఇంకో నాలుగు వానలు ఆగితే వాసన దానంతట అదే తగ్గేది. మేడమ్ ఆ నాలుగు వానల గడువూ అడిగారు. దొరకలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ పుస్తకంలో పేజీ అడుగున ఉన్న వాక్యాన్ని మళ్లీ చదివాను. అందులోనూ ఒక్క ముక్క తప్పు లేదు. అది రాసినాయన ఏ ఊళ్లో కూర్చుని రాశాడో, అక్కడి జనం వాసనకి లేచి పరిగెత్తిన రోజు ఏమైనా ఉందో లేదో నాకు తెలియదు. మా ఊళ్లో ఉంది. ఆ తేడా ఆయన పుస్తకంలో ఉండదు, మేం చూసి ఉండాల్సింది.

తవ్వకానికి జేసీబీ వచ్చింది. పైన రాళ్ల పొర సులువుగానే లేచింది. కింద పొర దగ్గరికి వచ్చేసరికి బకెట్టు పళ్లు జారిపోవడం మొదలుపెట్టాయి. ఎంత గీకినా పెచ్చులే. చివరికి రాళ్లు పగలగొట్టే బ్రేకరు తెప్పించి బిగించాల్సి వచ్చింది. మన బావకి ఆ రోజు అక్కడ పని లేదు. అయినా వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. బ్రేకరు దెబ్బ పడ్డప్పుడల్లా అతని భుజాలు కదిలేవి.

"సూడు బావ, అవనంటంది" అన్నాడు. రోడ్డు పగలనంటోందని. ఆ పూటంతా బీడీ కాల్చలేదు.

పగిలిన పలకలు లోపల నీలంగా, పచ్చగా మెరుస్తూ బయటపడ్డాయి. కొన్నాళ్ల కిందటి వరకూ కాలు వేస్తే దిగబడే గెడ్డ పక్క బురద అది. కాలనీ మగవాళ్లు కొందరు దగ్గరికి వచ్చి చూశారు. మీటింగులో మీటరు మాట అన్నతను ఒక పలకని కాలితో తన్ని, మళ్లీ వంగి చేత్తో ఎత్తి చూశాడు. "ఇంత గట్టిగున్నాదేటి" అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. మేడమ్ విన్నారు. వెళ్లి కారులో కూర్చున్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి గాలికి ఆ రంగంతా పోయి, కుప్ప మామూలు బూడిద రంగులోకి దిగిపోయింది. సాయంత్రం వచ్చి చూసినవాళ్లకి అది చెత్తలాగే కనపడి ఉంటుంది.

లారీలో ఎత్తేముందు అప్ప వచ్చింది. కుప్పలో కాలితో అటూ ఇటూ కదిపి, ఒక పక్క పలచగా ఒక పక్క మందంగా ఉన్న ముక్క ఒకటి ఏరుకుంది. నేను అడగకుండానే చెప్పింది. "బండి జారకండా సక్రం కింద ఎట్టుకుంటాను. ఎండితే కంపుండదు కదా బావూ?"

ఉండదన్నాను. ఆవిడ ఒకసారి వాసన చూసుకునే కొంగులో వేసుకుంది.

తర్వాత మామూలు గ్రావెల్ పోశారు. ఆ వానాకాలమే బంక దాన్ని మింగేసింది. స్లాగు పని చెయ్యలేదన్న మాట అప్పుడే పుట్టి ఉంటుంది. తవ్వడం అందరూ చూశారు. ఎందుకు తవ్వారో చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. రెండో సగం ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ దారి అంతే. వానాకాలంలో అప్ప బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకునే ఉంటోంది. మిగతా నెలల్లో మాత్రం హైవే పక్కన కనిపిస్తుంది.

మేడమ్ తర్వాత అచ్యుతాపురం వైపు వెళ్లిపోయారు. అక్కడ ఫ్యాక్టరీ యార్డులకి ఇదే స్లాగు వేయిస్తున్నారు. పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ఇళ్లకీ, షిఫ్టు దిగే కూలీలకీ డబ్బాలో స్లాగు ముక్క పట్టుకుపోయి మూత తీసి వాసన చూపిస్తారట. ఇదిగో, వాన పడితే ఈ వాసన కొన్నాళ్లు వస్తుంది, ఇది ఇందుకు, మీకు వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పండి అని. కొందరు వద్దన్నారట కూడా. వద్దన్న చోట వెయ్యరు. ఫోన్లో ఈ మాట చెప్పి, "అప్పుడే చేసి ఉండాల్సింది కదా మాస్టారూ" అన్నారు. ఔనమ్మా అన్నాను.

గ్రంథాలయంలో కలిసిన ఆ అబ్బాయికి చెప్పాలనుకున్నది ఇదే. ఆ పొర బలం మేం కొలిచాం, బ్రేకరు కూడా కొలిచింది. మన మట్టికి స్లాగు పని చేస్తుంది. మీరు వెయ్యండి. కానీ వేసే ముందు, మీ ల్యాబులో పని చేయని వాళ్ల ముక్కుకి ఒకసారి చూపించండి. మీ ముక్కుని మాత్రం నమ్మకండి.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాస్తానన్నాను. ఎవరు ఏ పని చేశారో, ఎవరు ఏ మాట అన్నారో మాత్రం పక్కన రాయడం లేదు. అది వాళ్లకి తెలుసు, చాలు. సుభాషిణి గారికి, అప్పలనాయుడు బావకి, విశ్వేశ్వరరావు గారికి, నాకు మొదటి పుస్తకం ఇచ్చిన సూర్యకాంతం గారికి, రమణకి, గౌరీశ్వరికి, ఎల్లమ్మ అప్పకి నమస్కారాలు.

వీళ్లలో ఒకరికి చదివే తీరిక ఉండదు. అందుకని ఈ కాగితాలు పట్టుకుని హైవే పక్కన బండి దగ్గరికి వెళ్లి నేనే చదివి వినిపించాను. చక్రం కింద ఆ ముక్క అలాగే ఉంది, బూడిద రంగులో, ఒక పక్క కొద్దిగా అరిగి. బేరాలు చూసుకుంటూ, అట్లు తిప్పుతూ, మధ్యలో ఎక్కడా ఆపకుండా ఆవిడ అంతా వింది. చివర అట్లకాడ పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"కంపు సంగతి రాసినావా బావూ?"

రాశానప్పా అన్నాను.